కొత్త బటన్

మాదన్నపేట దాటేసరికి బస్సు కిక్కిరిసిపోయింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. పక్క సీటాయన ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ "ఊపిరాడ్తలేదు" అంది. కాసేపటికి మళ్లీ అదే మాట.

"మాకూ ఆడ్తలేదు భాయ్! సౌండ్ తగ్గియ్," అని అరిచాను. చుట్టూ నవ్వారు. ఆయన వెంటనే తగ్గించాడు.

"మాఫ్ చెయ్ తమ్మీ. జబ్బుతోని మా చెల్లెకు మాట పోయింది. బటన్ ఒత్తితే ఇది మాట్లాడేది. ఈ ప్రోగ్రాం నేనే రాసిన."

"దేంట్ల రాసినవ్?"

"ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఎవరన్నా వాడుకోవచ్చు. మస్తుంటది. ప్రోగ్రాం నడుస్తుంటెనే మార్చొచ్చు, ఆపే పనే లేదు. ఆమె ఒత్తుతుంటె నేను పక్కన కూసొని కొత్త బటన్లు పెడ్తుంటి. పెట్టంగనే ఒత్తి పరీక్ష చేసేది."

తెర మీద "ఊపిరాడ్తలేదు" అని ఉన్న చివరి బటన్‌ను బొటనవేలితో తుడిచాడు.

"ఆ రోజు ఇది పెట్టిన. ఒత్తింది. పనిచేస్తుందిలే అన్న. మళ్ల ఒత్తింది. రంగు మారుస్తున్న, జర ఆగే అన్న. తలెత్తి చూసేసరికి అయిపోయింది."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"దీని తప్పేం లేదు తమ్మీ. ఇది సాఫ్‌గనే చెప్పింది."

పురానాపూల్‌లో దిగేముందు, "సౌండ్ పెంచుకో అన్నా," అన్నాను.

ఆయన పెంచలేదు.