బెలూన్లోంచి దూకిన అక్క

మనుషుల్ని ఎక్కించుకుని ఎగిరే వేడిగాలి బెలూన్లకి ప్రమాదాలు ఎందుకు జరిగాయో తేల్చే ఉద్యోగం వచ్చింది నాకు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఆ రోజు ఆగలేక, ప్రత్తిపాడు బస్సులో పక్కన కూర్చున్న అక్కకి కూడా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. "మొన్న మేమూ ఎక్కాం అమ్మా. దిగేటప్పుడు బెలూన్ కింది బుట్ట నేలకి తగలగానే, మిరపకోతల ఆటోలోంచి దూకినట్టు దూకేశా. బరువు తగ్గి బుట్ట మళ్ళీ లేచి ధబీమని పడింది. అందులోనే ఉన్న మా వదినకి చెయ్యి విరిగింది. అప్పట్నించీ నాతో మాట్లాడటంలా."

"చెప్పేదాకా దిగొద్దని ఎక్కేముందు ఎవరైనా చెప్పారా అక్కా?"

"ఎవరూ చెప్పలా."

"అయితే తప్పు నీది కాదు, చెప్పనివాళ్ళది."

ఆమె వెంటనే ఫోన్ తీసి, బస్సంతా వినపడేలా అంది. "వదినా, తప్పు నాది కాదంట. డిగ్రీ చదివినమ్మాయి చెప్పింది."

"అయితే ఆ అమ్మాయినే రేపు నా బదులు కోతకి పంపు" అని వదిన నవ్వడం నాకూ వినపడింది.