పత్తి చేలో పరీక్ష

మా అన్నయ్య పత్తి చేలో సూడాన్ పిల్లకు డిగ్రీ పరీక్ష పెట్టామంటే మా కాలేజీలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

గుంటూరులో వ్యవసాయ విద్యార్థులకు నేను పురుగుల పాఠాలు చెబుతాను. సూడాన్ నుంచి ఒక లెక్చరరు నా దగ్గరికి పరిశోధన కోసం వచ్చాడు. పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు గురించి బాగా నేర్చుకుని, తిరిగి వెళ్లి తన విద్యార్థులకు చెప్పాలని అతని ఆశ. ఏడాది తిరక్కుండానే అక్కడ యుద్ధం మొదలైంది. వాళ్ల కాలేజీలో మైక్రోస్కోపులు ఎత్తుకుపోయారు, లైబ్రరీ తగలబెట్టారు. లెక్చరర్లు తలో దిక్కూ పోయారు. అతని విద్యార్థుల్లో కొందరు తుపాకులు పట్టారు. ఏ పక్షాన అని నేను అడగలేదు. పుస్తకాలు ఎవరికేం చేశాయని తగలబెడతారు? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిగిలినవాళ్లకు అతను పెదకాకాని పక్కనున్న మా చేలో నిలబడి ఫోనులో పాఠాలు చెప్పేవాడు. పత్తి తీసే ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏంది సారూ, పొద్దస్తమానం ఆ ఫోనుకి పాఠం చెబుతుండావు? అదన్నా పాసవుద్దా?"

అతనూ నవ్వేవాడు. నెలలు గడిచేకొద్దీ వినేవాళ్లు తగ్గిపోయారు. చివరి సంవత్సరం క్లాసులో ఒక్క అమ్మాయి మిగిలింది. వాళ్ల నాన్న కుటుంబాన్ని సరిహద్దు దాటించబోతున్నాడు. దాటాక ఫోనూ ఉండదు, చదువూ ఉండదు. ఈలోపే పరీక్ష అయిపోవాలి. వాళ్ల కాలేజీలో మిగిలిన పెద్దలు ఒప్పుకున్నారు. రెండో పరీక్షకురాలిగా నన్ను ఉండమన్నారు.

ఆ రోజు ఫోనులో అమ్మాయి ముఖం, వెనక టార్పాలిన్ పట్టా కనిపించాయి. అతను ఒక కాయ చీల్చి చూపించాడు.

"రెండు గింజలు అతుక్కున్నాయి సర్. పురుగు లోపల నిద్రపోతోంది," అంది ఇంగ్లీషులో. సరైన జవాబే.

నేను ఏటా అడిగే ప్రశ్న అడిగాను. ఈ పురుగును పూర్తిగా పోగొట్టడం ఎలా? మా పిల్లలు మందుల పేర్లు వల్లిస్తారు. అసలు జవాబు వేరు. పంట అయ్యాక మోళ్లు పీకేసి, కొన్నాళ్లు చుట్టుపక్కల ఎక్కడా పత్తి లేకుండా చూస్తే తిండి దొరక్క అదే చస్తుంది. అందరూ కలిసి చేయాల్సిన పని. మా అన్నయ్యతో సహా ఎవరూ చేయరు.

అమ్మాయి మందుల పేరెత్తలేదు.

"ఎవరూ పత్తి వేయకూడదు మేడమ్. యుద్ధం వచ్చాక మా ఊళ్లో ఎవరూ విత్తనం వేయలేదు. ఇప్పుడు అక్కడ ఆ పురుగు లేదు. మనుషులు కూడా లేరు."

పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. పూర్తి మార్కులు వేయాల్సిన జవాబు. వేశాను. అంత సరైన జవాబు విని అంత దుఃఖం నాకెప్పుడూ రాలేదు. అతను మాత్రం ఫోను కదలనివ్వకుండా పట్టుకుని, ఆమెకు అభినందనలు చెప్పాడు. అంతలో సిగ్నల్ పోయింది.

పత్తి తీయడం ఆపి ఆడవాళ్లందరూ మా చుట్టూ చేరారు.

"పిల్ల పాసయిందా మేడమ్ గారూ?"

"అయింది," అన్నాను.

వాళ్ల ముఖాలు విప్పారాయి. అందరికన్నా పెద్దావిడ అతని భుజం తట్టింది.

"మంచిది సారూ. మరి ఇప్పుడా పిల్ల యాడ ఉద్యోగం చేసుద్ది?"

ఆ మాత్రం తెలుగు అతనికి అప్పటికే వచ్చు. జవాబు కోసం నా వైపు చూశాడు.