బాపును లోపల పండబెట్టిన మూడు రాత్రులు

మా బాపుకు దమ్ము రోగం, ఉబ్బసం ఉండేది. చలికాలం వచ్చిందంటే ఆయన ఛాతీలో పిల్లికూతలు వాకిట్లోకి వినిపించేవి. అది తెలిసీ నేను చేసిన పని ఒకటుంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

నేను మహబూబాబాద్‌లో పంతులమ్మను. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. సెలవులకు లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊరికి పోతే చాలు, ఇల్లు పీకి పందిరి వేస్తానని నన్ను కన్న అవ్వే అనేది. నిజమే. గ్యాస్ పైపు ఎందుకు మార్చలేదు, పురుగుమందు డబ్బా బియ్యం పక్కన ఎవరు పెట్టారు, మోటారు వైరు అలా వేలాడుతుంటే కళ్లు కనపడవా అని వెతికి వెతికి తిట్టేదాన్ని. బాపు నవ్వేవాడు. "తనిఖీకి మేడమొచ్చింది, అన్ని సదురుండ్రి" అని అవ్వను హెచ్చరించేవాడు.

ఆ ఏడు పత్తి ఏరేటప్పుడే ముసురు పట్టింది. తడిగా ఉందని కొనేవాళ్లు బండిని వెనక్కి పంపారు. ఇంకేం చేస్తారు? మా దిక్కు అందరూ చేసేదే చేశారు. పెద్ద అర్రలో సామాను ఓ మూలకు నెట్టి, మిగతా అర్రంతా పత్తి పోశారు. ఆ అర్రకున్న ఒక్క కిటికీ పత్తి వెనకాల మునిగిపోయింది. అవ్వ, ఆ పక్క చిన్న అర్రలో పడుకుంటోంది. నేను వెళ్లేసరికి బాపు మంచం అరుగు మీద ఉంది.

ముసురు పోయి చలి ముదిరిన రోజులవి. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బాపు గిది? దమ్మున్న మనిషివి, గీ చలిల బయట పంటవా?"

"పత్తికి కావలుండాలె గద బిడ్డా. మొన్న ఎనుక వాడల రెండు బోరాలు ఎత్తుకపోయిన్రు."

"బోరాలు పోతె పోనియ్. నువ్వు పోతె ఎవలు తెచ్చిస్తరు?"

"నాకేం గాదు తియ్యి" అన్నాడు. నేను వింటేగా! మంచం ఒక పక్క నేను పట్టి, ఇంకో పక్క అవ్వతో పట్టించి, పత్తి కుప్పకూ తలుపుకూ నడుమ ఉన్న కాస్త జాగాలో వేశాను. తలుపు కింద సందులోంచి చలి కొడుతుందని గోనెసంచి మడిచి కుక్కాను. కోతులు తెల్లారకముందే తలుపులు నెడుతున్నాయని, గొళ్లెం పెట్టుకొమ్మని మరీ మరీ చెప్పాను. అవ్వ ఏదో అనబోయింది. బాపు ఆమెను చూశాడు. అవ్వ దుప్పటి దులిపి మంచం మీద పరిచింది.

నేను చిన్న అర్రలో అవ్వ పక్కన పడుకున్నాను. పొద్దున అడిగాను, నిద్ర పట్టిందా అని. "మస్తు పట్టింది. ఎచ్చగున్నది" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను గెలిచినట్టు అవ్వ వైపు చూశాను.

రెండో పొద్దున ఆయన కనుబొమ్మల మీద పత్తి నూగు పట్టి ఉంది. కొంగుతో తుడుస్తూ, "ముసలోనివైనవే బాపు, కనుబొమ్మలు గూడ నెరిసినయ్" అని ఆటపట్టించాను. ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి ఎంతకూ ఆగలేదు. "ఇన్ని రోజులు బయట పన్నవు గద, గా చలి ఇప్పుడు బయటపడ్తంది" అని మళ్లీ నేనే కసిరాను. అంత తెలివి నాది!

మూడో పొద్దున చాయ్ పట్టుకొని తలుపు కొట్టాను. ఎంతసేపటికో గొళ్లెం గీసుకున్న చప్పుడైంది. తలుపు నెడితే బాపు మంచం మీద లేడు. గడప దగ్గర నేల మీద కూర్చొని ఉన్నాడు. నేను కుక్కిన గోనెసంచి లాగి పక్కన పడేసి ఉంది. రాత్రంతా ఆ సందుకు మూతి పెట్టుకొని గాలి పీల్చుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"గొళ్లెం తీసుకొని బయటికి రావద్దా బాపూ?"

"సప్పుడైతది... నువ్వు... లేస్తవ్" అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఆయనకు ఊపిరి చాలలేదు.

ఆటోలో జనగామ దవాఖానకు తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టారు. ఎక్కడ పడుకుంటాడని డాక్టర్ అడిగాడు. నేను గట్టిగానే మొదలుపెట్టాను, "లోపలే సార్, చలి తగలకుండా పత్తి పోసిన..." అని. బడిలో ఐదో తరగతికి గాలీ వెలుతురూ పాఠం చెప్పేది నేనే.

బయట బెంచీ మీద అవ్వ చెప్పింది. "కావలి లేదు, పాడు లేదు. ఆ అర్రల దమ్మాడుతలేదనే మంచం బయటేసుకున్నడు. గా సంగతి జెప్తె, పత్తి ఇంట్ల పోసినందుకు నువ్వు లొల్లిజేస్తవని కావలని చెప్పిండు."

"నువ్వన్న చెప్పద్దా అవ్వా?"

"చెప్తనన్న. నాలుగొద్దులుండి పోయే బిడ్డ, దాని మనసు కష్టపెట్టుడెందుకు, ఓర్సుకుంట తియ్యి అన్నడు."

నా నోటికి భయపడి ఆ మనిషి మూడు రాత్రులు ఊపిరి బిగబట్టుకున్నాడు. నా మీద ప్రేమతోనే అని అవ్వ అంటుంది. రెండింటిలో ఏది నిజమైనా నేను తట్టుకోలేను. మర్నాడు మధ్యాహ్నం బాపు పోయాడు. నేనే చంపుకున్నాననే మాట నా లోపలి నుంచి ఇప్పటికీ పోలేదు.

దినాలకు చుట్టాలందరూ వచ్చారు. కొడకండ్ల నుంచి వచ్చిన మా మేనత్త నా తల నిమురుతూ ఏడ్చింది. "ఏమైతేంది, సావుకు ముందు బిడ్డ వచ్చి మూడు దినాలు ఎచ్చగ లోపట పండవెట్టింది. గంతన్న సుఖపడ్డడు మా అన్న" అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. కాదు అత్తమ్మా అని చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అవును వదినె. నా బిడ్డ రావట్టే లోపట పన్నడు" అంది అవ్వ. అంటూ నా వైపు చూడలేదు.

అంత నోరున్న దాన్ని, మాట్లాడకుండా కూర్చున్నాను.