పేరమ్మక్క చెప్పిన ఇరవయ్యో కథ

నా నోటికి తాళం లేదని మా అవ్వ నా చిన్నప్పుడే అన్నది. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో ఈ నోటివల్ల నాకు దెబ్బలు పడ్డాయి కానీ ఇంకొకరికి నష్టం జరగలేదు. నష్టం గల్ఫ్‌లో, ఖోర్ ఫక్కాన్ అనే ఊళ్లో జరిగింది. అది కూడా నాకు కాదు, పేరమ్మక్కకు. అందుకే ఆమె సంగతి చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

నా పేరు భూమేశ్. షార్జా పక్కన సజ్జాలో సిమెంటు దిమ్మెల ఫ్యాక్టరీలో ఆరేళ్లు చేసి, లైసెన్సు తెచ్చుకుని, కారు నడిపే పనికి మారాను. 2022లో మా కంపెనీ నన్ను షార్జాలో ఒక యూనివర్సిటీ మేడమ్‌కు డ్రైవర్‌గా పెట్టింది. ఆమె పేరు డాక్టర్ అల్మాస్. పుట్టుక అరబ్బుల ఇంట్లో, చదువు అరబ్బీ, చేసేది అరబ్బీ మీద పరిశోధన. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష మీద ఇంకేం పరిశోధన అని నేను లోలోపల నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, పుస్తకాల్లో, టీవీ వార్తల్లో ఉండే అరబ్బీ వేరు, సముద్రం ఒడ్డున పుట్టిపెరిగిన ముసలమ్మల నోట్లో ఉండే అరబ్బీ వేరు అని. ఆ ముసలమ్మలు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ల కథలు, సామెతలు కూడా వాళ్లతోనే మట్టిలో కలుస్తున్నాయి. కలవకముందే వాటిని రికార్డు చెయ్యాలని మేడమ్ తాపత్రయం. మా దిక్కు ముసలమ్మల కోసం ఇట్లా ఎవరైనా కారేసుకుని వస్తారా అని నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

ప్రతి మంగళవారం పొద్దున కొండల్లో సొరంగాలన్నీ దాటుకుని ఖోర్ ఫక్కాన్ పోయేవాళ్లం. అక్కడ సయీద్ అని పోర్టులో ఆఫీసరు, ఆయన తల్లి ఉమ్ సయీద్. ఎనభై దాటిన మనిషి. ఆ ఒడ్డున ఆమెకు తెలిసినన్ని కథలు ఇంకెవరికీ తెలియవని పేరు. తీరా మేడమ్ ఆమెను వెతికి పట్టుకునేసరికి పక్షవాతం వచ్చి ఒక పక్క చెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఏమంటున్నదో కన్నకొడుక్కే సగం తెలియదు. మొదటి రెండు మంగళవారాలు మేడమ్ రికార్డింగ్ మిషన్ ముందు పెట్టుకుని కూర్చున్నది, ముసలామె ఏదో గొణిగింది, మేడమ్ మొహం వేలాడేసుకుని కారెక్కింది.

నేను ఆ ఇంటి వంటింటి వెనక అరుగు మీద కూర్చునేవాణ్ని. నాకు పాలు లేని చాయ్ ఇచ్చేది పేరమ్మక్క. రాజోలు దగ్గర పల్లె ఆమెది. మొగుడు పోతే, ఆరేళ్ల కూతురు శాంతిప్రియను అక్క దగ్గర వదిలి దుబాయ్ విమానం ఎక్కింది. అప్పటి నుంచి పదిహేడేళ్లు ఈ ఒక్క ఇల్లే. ముసలామెకు స్నానం, తిండి, మందులు, చివరికి మాట కూడా ఆమే. అరబ్బీ నేర్పింది ముసలామే కాబట్టి ముసలామె అరబ్బీయే వచ్చు. కూరగాయల దుకాణంలో పేరమ్మక్క నోరు విప్పితే కుర్రకారు అరబ్బులు తలలు తిప్పి చూసేవాళ్లట, చచ్చిపోయిన నానమ్మ బజారుకొచ్చి బేరమాడుతున్నదేమో అన్నట్టు.

ఇంత మనిషిని వంటింట్లో పెట్టుకుని మేడమ్ ఉత్త చేతులతో పోవడం నేను చూడలేకపోయాను. మా తెలుగామె గొప్ప చాటాలన్న దురద కూడా ఉంది, అబద్ధమెందుకు. కారులో అనేశాను. "మేడమ్, ముసలామె మాట కొడుకు కంటే మా పేరమ్మకు బాగా తెలుసు. అడిగి చూడండి."

ఆ తర్వాతి మంగళవారం పేరమ్మక్కను మంచం పక్కన కూర్చోబెట్టారు. చున్నీకి చిన్న మైకు తగిలించారు. ముసలామె ఒక ముక్క గొణుగుతుంది, పేరమ్మక్క అదే ముక్కను అవే మాటల్లో విడమరిచి చెబుతుంది. మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సయీద్ పేరమ్మక్క వైపు కొత్తగా చూశాడు. బయట నేను మీసం మెలేసుకున్నాను. గోతి తవ్వింది నేనేనని నాకప్పుడు తెలియదు.

రెండు నెలలు తిరిగేసరికి రాజోలు నుంచి కబురు. శాంతిప్రియకు నాలుగో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లంటే పేరమ్మక్కే. కూతురికి జడ వేయలేదు, జ్వరమొస్తే పక్కన పడుకోలేదు, పెళ్లికి వారం రోజులు చుట్టంలా పోయి వచ్చింది. ఈ ఒక్క పురుడైనా తన చేత్తో పోస్తానని మాటిచ్చింది.

సయీద్‌ను అడిగింది. మంచి మనిషే, గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "పేరమ్మా, నువ్వు మా ఇంటి మనిషివి. తప్పకుండా వెళ్లు. డాక్టర్ అల్మాస్ పని పూర్తికానీ," అన్నాడు. ఇంటి మనిషి పాస్‌పోర్టు ఇంటివాళ్ల బీరువాలోనే ఉంది. మేడమ్‌ను అడిగింది. ఆమె కూడా ఎంతో ప్రేమగా, "ఇరవై కథలిస్తానని యూనివర్సిటీకి రాసిచ్చాను. ఇరవయ్యోది కాగానే ఖలాస్, నేనే సయీద్‌కు చెబుతాను," అన్నది. అప్పటికి పదకొండు అయ్యాయి. వద్దని అన్నవాడు లేడు, పొమ్మని పంపినవాడూ లేడు.

ఇక పేరమ్మక్క పరుగు మొదలుపెట్టింది. నేను పోయేసరికి పెద్ద మామాకు స్నానం చేయించి, గంజి తాగించి, దిండ్లకు ఆనించి సిద్ధంగా ఉంచేది. ముసలామెను ఆమె పెద్ద మామా అనేది, సయీద్‌ను బాబా అనేది. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది. శాంతిప్రియకు ఏడో నెల వచ్చింది, వెళ్లింది. పంతొమ్మిదో కథ సగంలో ముసలామె అలిసిపోయి కళ్లు మూసుకుంటే మిగతా సగం పేరమ్మక్కే చెప్పింది. రెండు మంగళవారాలు ముసలామె నోరే తెరవలేదు. మూడో మంగళవారం, ముసలామె పొద్దున స్నానం చేసేటప్పుడు తనకు చెప్పిందని ఇరవయ్యో కథను పేరమ్మక్క ఒక్కతే మైకులో చెప్పేసింది.

తిరుగుదారిలో మేడమ్ సంతోషం పట్టలేక ఆ కథను కారులో వేసింది. నాకొచ్చింది పనివాళ్ల అరబ్బీ, సగమే అర్థమవుతుంది. ఒక షేక్, ఏడుగురు కొడుకులు. ఏడు చేపలు. ఒడ్డున ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. చేపేమో గడ్డి అడ్డమంటుంది, గడ్డేమో ఆవు మెయ్యలేదంటుంది. చివర్లో చీమ వచ్చేసరికి బండి పక్క లైనులోకి పోయింది.

"ఇలాంటి కథ ఈ ఒడ్డున ఇంతవరకు ఎవరూ రికార్డు చేయలేదు, భూమేశ్!" అన్నది మేడమ్. "వీళ్ల తాతలు చేపలు ఎండబెట్టుకుని బతికినవాళ్లు. ఎంత సహజంగా పుట్టిందో చూడు!"

సహజంగానే పుట్టింది, మా అవ్వ ఒళ్లో. తెలుగు పుట్టుక పుట్టినవాడెవడికి తెలియదు ఆ చేప?

మళ్లీ వారం వంటింట్లో నిలదీశాను. "ఏంది పేరమ్మక్కా గిది? మన ఏడు చేపల కథను ముసలామె నెత్తికి కట్టినవా?"

ఆమె బియ్యం కడుగుతూ తలెత్తలేదు. "ఏం చెయ్యమంటావు తమ్ముడూ. పెద్ద మామా దగ్గర ఇంక కథల్లేవు. ఒక్కటే తక్కువైంది. బాబాగారి పిల్లలకి అన్నాలు తినిపిస్తా పదిహేడేళ్లు చెప్పిందే కదా అది, ఈ ఇంటి కథ కాకుండా ఎలా పోతుంది? పెద్ద మామా కూడా విని నవ్వేది. అయిపోయిందిలే, ఇంక పంపించేత్తారు."

పంపించలేదు. ఇరవయ్యో కథే కాళ్లకు అడ్డం పడింది. ఇంత అరుదైన కథ దొరికాక ఊరికే వదలకూడదట. మళ్లీ చెప్పించాలి, ఎక్కడెక్కడ తేడా వస్తుందో చూడాలి, వేరే దేశం నుంచి ప్రొఫెసర్లు వచ్చి వింటారు. ఇంకో మూడు నెలలు. శాంతిప్రియకు అప్పటికే తొమ్మిదో నెల. సయీద్ డాక్టర్ పని అన్నాడు, డాక్టర్ యూనివర్సిటీ అన్నది, యూనివర్సిటీ ప్రొఫెసర్లు రావాలన్నది. పేరమ్మక్క ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ పోయింది, సరిగ్గా ఆ కథలో లాగానే. నవ్వొచ్చేది కానీ ఆమె మొహం చూస్తే నవ్వు రాలేదు.

అప్పుడు నాకు తోచింది. ఆ కథ అరుదైనది కాదని తెలిస్తే మేడమ్ దాన్ని వదిలేస్తుంది, పేరమ్మక్కను కూడా వదిలేస్తుంది. మంచికే అనుకున్నాను. పేరమ్మక్కను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు. సొరంగాలు దాటుతుండగా చెప్పేశాను. "మేడమ్, కోప్పడకండి. ఆ చేపల కథ మాది. మా దేశంలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు."

మేడమ్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. షార్జా దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, దిగేటప్పుడు మాత్రం, "మిగతా పంతొమ్మిదిలో ఎన్ని ఆమెవి?" అన్నది.

వచ్చే వారం నుంచి మొదటి కథ దగ్గర మళ్లీ మొదలు. వాక్యం వాక్యం ఆపి అడగడం. ఇది ఉమ్ సయీద్ చెప్పిందా, నువ్వు కలిపిందా? ముసలామెను అడుగుదామంటే ఆమె మాట విడమరిచేది మళ్లీ పేరమ్మక్కే. మేడమ్‌ను తప్పుపట్టలేను, పదేళ్ల చదువు ఆమెది, అందులో పురుగు పడిందని తెలిసింది. పేరమ్మక్క మొదట్లో చెప్పగలిగింది. మూడో కథకు వచ్చేసరికి తడబడింది. "తెలీదమ్మా," అన్నది చివరికి. "పదిహేడేళ్లు ఆవిడ మాటే మాట్లాడేను. ఏది ఆవిడదో ఏది నాదో నాకే తెలీట్లేదు." మేడమ్ ఆ జవాబును కూడా రాసుకున్నది.

ఒక మంగళవారం నన్ను కూడా లోపలికి పిలిచారు. కథలన్నీ విని, ఇంకేవైనా మా దేశం కథలున్నాయేమో చెప్పాలట. సయీద్ కూడా సెలవు పెట్టి వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. "నిన్ను నమ్మాం పేరమ్మా," అని ఒకే మాట అన్నాడు. పేరమ్మక్క చున్నీ సర్దుకుని నేల చూసింది. పదిహేడేళ్లలో ఆయన ఆమెను అన్న మాట అదొక్కటేనట.

మధ్యలో ఆమె ఫోను మోగింది. మేడమ్ తలూపితే ఎత్తింది. వాళ్లక్క గొంతు గది మొత్తానికీ వినిపించింది. "నొప్పులొచ్చేయే, అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తన్నాం. అమ్మేదీ, అమ్మేదీ అంటందే పిల్ల." పేరమ్మక్క "ఊఁ" అని ఫోను పెట్టేసి, మైకు సరిచేసుకుని, మేడమ్ వైపు తిరిగింది. "ఎక్కడిదాకా వచ్చేమమ్మా?" అన్నది అరబ్బీలో. చెంపల మీద నీళ్లు మాత్రం ఆగలేదు.

అప్పుడు ముసలామె కదిలింది. నెలన్నర నుంచి నోరెత్తని మనిషి. బాగున్న చెయ్యి చాపి పేరమ్మక్క మణికట్టు పట్టుకున్నది. కొడుకు వైపు చూస్తూ పెద్ద మాటే చెప్పింది, ముద్ద ముద్దగా, ఆగి ఆగి. చెప్పడం అయ్యాక రొప్పింది. మిషన్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

సయీద్ లేచి వచ్చాడు. "అమ్మ ఏమంటున్నది?"

అందరం పేరమ్మక్కనే చూశాం. చూడడానికి ఇంకెవరున్నారు? ఆమె నోరు తెరిచింది. సయీద్ మొహం చూసింది, మేడమ్ చేతిలో కలం చూసింది, నన్ను చూసింది.

"నీళ్లడుగుతున్నారు బాబా," అన్నది.

లేచి వంటింట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. కుళాయి కింద గ్లాసు పెట్టి, నిండి పొర్లుతున్నా చూస్తూ నిలబడింది.

"నీళ్లు గాదు గదా అక్కా. ఏమన్నది?"

"'సయీదూ, దీని బిడ్డ దీన్ని పిలుస్తంది. పంపించెయ్యి. నా దగ్గర చెప్పాల్సినయ్యన్నీ అయిపోయేయి' అంది."

"మరి గదే జెప్పరాదు! గంత పెద్ద మాట పెట్టుకొని నీళ్లంటవేంది?"

పేరమ్మక్క కుళాయి కట్టేసింది. కోపం లేదు గొంతులో. కోపమొచ్చి నాలుగు తిట్టినా నా బరువు దిగేది.

"నా నోట్లోంచి వత్తే ఎవరు నమ్ముతారు తమ్ముడూ? ఇది ఇరవయ్యొకటో కథంటారు."

గ్లాసు తీసుకుని లోపలికి పోయి, ముసలామె తల ఎత్తి పట్టుకున్నది. ముసలామె ఆమె మొహంలోకి చూసి, పెదాలు బిగించి, ఒక్క గుక్క కూడా తాగలేదు.

తిరుగుదారిలో మేడమ్ ఆ ముక్కను మూడుసార్లు వేసుకుని విన్నది. ముసలామె గొంతు కారు నిండా ముద్దగా తిరిగింది. "ఇంత పొడుగు మాట నీళ్ల కోసమేనా?" అని తనలో తనే అనుకున్నది. అద్దంలోంచి నన్ను చూసింది. ఆమె పక్కన నిజం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. చెబితే ఎవరు చెప్పారంటుంది, పేరమ్మ అనాలి. గొప్పకోసం ఒకసారి, మంచికోసం ఒకసారి తెరుచుకున్న నా నోరు ఆ రోజు షార్జా దాకా తెరుచుకోలేదు. మేడమ్ కాసేపు చూసి, కాగితం మీద ఆ మాటకు ఎదురుగా, పైకి చదువుకుంటూ, "అర్థం కాలేదు" అని రాసుకున్నది.

శాంతిప్రియకు ఆ సాయంత్రమే ఆడపిల్ల పుట్టింది. పురుడు అత్తగారు పోసింది. పేరమ్మక్క పిల్లను ఫోనులో చూసింది. వచ్చే మంగళవారం నాలుగో కథ ఉంది, పొద్దున ఏడింటికల్లా మేడమ్ ఇంటి ముందు బండి పెట్టాలి.