మూడంతస్తుల ముఖం

మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గరి రబ్బరు తోటలో అచ్చయ్య తాతకి ఒకటే పిచ్చి. తనుండే ఇల్లు లండన్ ఇల్లులా ఉండాలి. లండన్ ఆయన చూడలేదు. చూసిందల్లా బిస్కెట్ల డబ్బా మూత మీద బొమ్మ. ఆ బొమ్మలో ఇంటి ముందు భాగమే ఉంది. అందుకని తాత కూడా ముందు భాగమే కట్టాడు.

తన ఒంటిగది రేకుల ఇంటి ముందు చెక్క పలకలు ఎత్తుగా నిలబెట్టి, ఎర్ర ఇటుకలు గీశాడు. మూడంతస్తుల తెల్ల కిటికీలు, తలుపు మీద విసనకర్రలాంటి అద్దం, అన్నీ రంగే. తలుపు తట్టే ఇత్తడి కడ్డీ ఒక్కటే నిజం. అది తట్టకుండా వస్తే పలకడు.

"తాతా, ఇల్లు తగలడతంది!" అని ఒకరోజు పక్కింటి అప్పలసామి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"తట్టినావేటి?"

అప్పలసామి వెనక్కెళ్ళి తట్టాడు.

"ఎవుళ్ళూ?"

"నేనే, అప్పలసామిని! పొయ్యి మీద అన్నం మాడి పొగలొస్తన్నాది!"

"అలాగొచ్చి సెప్పాల."

ఇంకోసారి అప్పలసామే తాతని ఉడికించాడు. "మేడ మీద ఎవుళ్ళుంటారేటి తాతా, కాకులా?"

"నీకైతే అద్దెకివ్వను లే, ఫో!"

అందరూ నవ్వేవారు, ముత్యాలు తప్ప. చదువు మధ్యలో మానేసిన ఆ పిల్ల అవ్వతో పాటు తోట అంచున గుడిసెలో ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మలయాలో తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టారు. అడవిలో దాక్కుని తమతో పోరాడే కమ్యూనిస్టులకి బియ్యం అందకూడదని, కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసి అందరూ దాని లోపలే ఉండాలన్నారు. ముత్యాలు వాళ్ళ గుడిసె కంచె బయట పడింది. కంచె లోపల ఎవరైనా చోటిస్తే సరి, లేదంటే లారీ ఎక్కి ఎక్కడో ఊరూ పేరూ తెలియని చోటికి పోవాలి. లోపల గదులన్నీ జనంతో కిక్కిరిసి ఉన్నాయి. వీళ్ళకి చోటిచ్చేదెవరు?

లారీ రానే వచ్చింది. అవ్వ మూటలు ఎక్కించేశారు కూడా. ముత్యాలు అవ్వ చెయ్యి పట్టుకుని లారీ వైపు నడిచింది.

టక్! టక్! టక్! అచ్చయ్య తాత తన తలుపు తనే బాదుకుంటున్నాడు. లారీ వెనక జీపులో కూర్చున్న తెల్లదొర తల తిప్పాడు.

"తువాన్! దొరా! మేడ మీద అంతా ఖాళీయే! ఈలిద్దరూ మాకాడుంటారు!"

దొర జీపు దిగలేదు. కూర్చున్నచోటి నుంచే కిటికీల వంక చాలాసేపు చూశాడు. చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చిందేమో, టోపీ తీశాడు. మూటలు దింపమని చెయ్యూపి వెళ్ళిపోయాడు.

"ఏటి అచ్చయ్యా," అవ్వ గుండెలు బాదుకుంది, "రంగు కిటికీలోకి ఎలాగ దూరతామురా?"

"మీకెందుకా గొడవ? మీరు కింద గదిలో ఉండండి. దొరలెప్పుడూ మేడ మీదే పడుకుంటారు."

పలకల వెనక, రేకుల కప్పు మీద చాప పరిచి తాత మకాం పెట్టేశాడు.

ఆ సాయంత్రమే వాన దంచి కొట్టింది. ముత్యాలు పెరట్లోకి వచ్చి చూస్తే, కప్పు మీద నల్ల గొడుగు, దాని కింద రెండు మోకాళ్ళు.

ముత్యాలు గొంతు అంత పెద్దదని ఆ కూలీల లైన్లకి ఆరోజే తెలిసింది.

"తాతా! దిగిరా! తడిసిపోతన్నావు!"

"లండన్‌లో రోజూ ఇంతేనే పిల్లా!" అని గొడుగు కింద నుంచి జవాబొచ్చింది. వెనకే రేకులదిరేలా ఒక తుమ్ము.