రవ్వంత మందు

నాన్న చివరగా చేసిన మామూలు పని, ఆసుపత్రి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని అమ్మకు బత్తాయి ఒలిచిపెట్టడం. గింజలు తీసి, పీచు కూడా తీసి, ఒక్కో తొన చేతిలో పెట్టారు. "తుంటి విరిగింది మీకా, నాకా?" అని విసుక్కుంటూనే అమ్మ తింది. తెల్లవారేసరికి ఆయన లేరు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందన్నారు.

ఆయన పనిచేసిందీ ఆ ఆసుపత్రిలోనే, ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుకు సహాయకుడిగా. వెన్నులో సూది వెయ్యాలంటే రోగి వీపు విల్లులా వంగాలి. నాన్న ఎదురుగా నిలబడి, వాళ్ల నుదురు తన భుజానికి ఆనించుకుని పట్టుకునేవారు. "బావగారిని కావలించుకున్నారనుకోండి. మీసం గుచ్చుకుంటే తిట్టండి గానీ కదలకండి."

తిమ్మిరెక్కించే మందులో డాక్టరు ఇంకో మందు రవ్వంత కలిపేవాడు. ఆపరేషన్ అయ్యాక కూడా చాలాసేపు నొప్పి తెలియనివ్వనిది ఆ రవ్వంతే. "కూరలో ఉప్పు లాంటిది" అనేవారు నాన్న. పళ్లు బిగించి పడుకునే రోగులంటే ఆయనకు ఒళ్లుమంట. "ఓర్చుకుంటే పతకాలేం ఇవ్వరండీ, నొప్పుంటే చెప్పండి!" అని కసిరేవారు.

స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆయనే ఆ బల్ల మీద వంగి కూర్చోవలసి వచ్చింది. మందు బాగానే పనిచేసింది. నొప్పి లేదు. కాస్త ముక్కు దురద, బోలెడు మగత. ఆ మగతే అమ్మను హడలగొట్టింది. ఆయన కళ్లు మూతపడితే చాలు, భుజం పట్టి కుదిపేసేది.

"ఏమండీ! పలకరేం?"

"పలికాను కదే. బతికే ఉన్నాను, కాస్త పడుకోనీ."

"ఇందాకా ఇలాగే అన్నారు. మళ్లీ కళ్లు మూశారు!"

నాకు నవ్వొచ్చింది. అమ్మ మాత్రం ఆ పూటంతా మంచినీళ్లు ముట్టలేదు.

మర్నాడు నాన్న తేటగా ఉన్నారు. డాక్టరు గొంతు అనుకరించి మమ్మల్ని నవ్వించారు. పాత సంగతులేవో తవ్వి అమ్మతో పోట్లాట పెట్టుకున్నారు. అమ్మ ముఖంలోకి రంగు వచ్చింది. పొద్దువాలాక, ఆయన ఒలిచిన ఆ బత్తాయి తిని, ఎవరూ బతిమాలకుండానే, నాతో ఇంటికి బయలుదేరింది.

తర్వాత నాన్న బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు వార్డు నర్సు చెప్పింది. వెన్నులో వేసిన మందు ఆపరేషన్ మర్నాటి ఉదయానికే తీరిపోయిందట. ఆమె నొప్పికి సూది తీసుకొస్తే నాన్న వద్దన్నారట.

"ఇప్పుడేస్తే నిద్రపోతాను తల్లీ. ఆవిడ ఇంటికి వెళ్లాక వెయ్యి."