కోళ్ళున్న ఇల్లు

కలకత్తాలో నేను, కోళ్ళను ఊపిరాడకుండా చంపే కొక్కెర తెగులుకు కొత్త టీకా తయారుచేసే ల్యాబులో పనిచేసేదాన్ని. ఆ వైరస్ బట్టల్నీ చెప్పుల్నీ పట్టుకుని తిరుగుతుంది కాబట్టి, కోళ్ళున్న ఇంటి గడప మేం తొక్కకూడదు. అక్కడ నాకు తెలిసిన తెలుగు ఇల్లు ఒక్కటే, హౌరాలో వీధులూడ్చే ఒకావిడది. ఆ ఒక్క ఇంట్లోనే కోళ్ళుండాలా! ఆదివారాలు, పార్టీవాళ్ళు ఎర్రజెండాలు కట్టిన సందు మొదట్లోనే నిలబడి, ఆవిడతో నాలుగు తెలుగు మాటలు కేకలేసి చెప్పుకుని వెనక్కి వచ్చేదాన్ని.

ఒకరోజు ఆవిడే పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రామ్మా, ఇంకేటి బయం? కోళ్ళన్నీ తెగులొచ్చి సచ్చిపోనాయి. లోపలికొచ్చి ఇంత అన్నం తిని ఎల్లు."

మా టీకా ఇంకా పరీక్షల్లోనే ఉంది. తెగులు సోకిన ఇంటి గడప అసలే తొక్కకూడదు, ఆ వైరస్ నా చెప్పులతో ల్యాబుకు చేరుతుంది. మెల్లగా చెయ్యి విడిపించుకున్నాను.